లాగితే పడుతుంది, వదిలితే లేస్తుంది

వేసవిలో మా ఊరి చెరువు ఎండిపోతే అదే మాకు రన్‌వే. కావలికీ దగదర్తికీ మధ్య ఉంటుంది మా ఊరు. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఫోమ్ షీట్లు కోసి, గ్లూ గన్‌తో అతికించి, చిన్న మోటరు బిగించి రిమోట్ విమానాలు చేస్తుంటాడు. మే నెలలో ఒక సాయంత్రం, సముద్రపు గాలి కాస్త తగ్గాక, కొత్తగా చేసిన విమానాన్ని ఎగరేశాడు. పైన రెండు చుట్లు చక్కగా తిరిగింది. దింపుదామని వేగం తగ్గించి మా వైపు మలుపు తిప్పాడు. మలుపు మధ్యలో ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి జారింది. విమానం రెండు గిరికీలు కొట్టి, నెర్రెలు విచ్చిన చెరువు మట్టిలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

"ఏంది మామా, అట్టా పడిపోయింది? మోటరు ఆగిపోయిందా?"

ఆగలేదు. నేలకు తగిలేదాకా మోటరు రొద వినిపిస్తూనే ఉంది. ఆ సమయంలో నేను వాడి బొటనవేలిని చూస్తున్నాను. విమానం పడటం మొదలవగానే ముక్కును పైకి లేపే రిమోట్ స్టిక్‌ను తన వైపు చివరిదాకా లాగి పట్టుకున్నాడు. ఆ మాటే చెప్పాను.

"పడిపోతుంటే లాగకుండా ఎట్టా ఉంటాం మామా?" అన్నాడు.

వాడడిగింది చిన్న ప్రశ్న కాదు. విమానం పుట్టిన కొత్తలో ఎంతోమంది పైలట్లు ఈ ప్రశ్నకు జవాబు తెలియకే చనిపోయారు. ఏరోబాటిక్స్ చేసే పైలట్లు ఆకాశంలో వేసే పల్టీల వెనకున్నదీ ఇదే ప్రశ్న. స్టాల్, స్పిన్, స్నాప్ అని మూడు పేర్లు వినిపిస్తాయి గానీ, అసలు సంగతి ఒక్కటే. స్టాల్ అర్థమైతే స్పిన్ అర్థమవుతుంది. స్పిన్ అర్థమైతే స్నాప్ గురించి కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

స్టాల్ అనగానే మనకు ఇంజన్ ఆగిపోవడమే గుర్తొస్తుంది. కారు క్లచ్ తొందరగా వదిలితే బండి ఆగిపోతుందే, అలాంటిదని. విమానం స్టాల్‌కీ ఇంజన్‌కీ సంబంధం లేదు. స్టాలయ్యేది రెక్క. ఇంజన్ పూర్తి బలంతో గర్జిస్తున్నా రెక్క స్టాల్ కావచ్చు. ఇంజనే లేని గ్లైడర్ రోజంతా స్టాల్ కాకుండా ఎగరనూ వచ్చు.

దీన్ని చేత్తో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. చెరువు తూము ఎత్తినప్పుడు కాలువలో నీళ్లు ఉరవడిగా వస్తాయి. ఆ పారుదలలో ఒక సన్నటి చెక్కపలకను నిలువుగా, అంచు నీటికి ఎదురుగా ఉండేలా పట్టుకోండి. నీళ్లు రెండు వైపులా జారిపోతాయి, చేతికి పెద్దగా ఏమీ తెలియదు. ఇప్పుడు పలకను కొద్దిగా ఓరగా తిప్పండి. పలక పక్కకు లాగుతుంది. ఇంకొంచెం తిప్పితే ఇంకా గట్టిగా లాగుతుంది. అప్పటికీ దాని వెనక నీళ్లు నున్నగానే పారుతుంటాయి. ఇంకా తిప్పండి. ఒకచోట పలక చేతిలో వణకడం మొదలవుతుంది. వెనక సుడులు లేస్తాయి. పక్కకు లాగే బలం అంతకుముందులా పెరగదు. దానికి బదులు పలకను నీటివాలున వెనక్కి తోసే బలం పెరుగుతుంది. పలక స్టాలయింది.

రెక్కకూ గాలిలో ఇదే జరుగుతుంది. ఎదురొచ్చే గాలికీ రెక్కకీ మధ్య ఉండే వాలును పైలట్లు యాంగిల్ ఆఫ్ ఎటాక్ అంటారు. నేనిక్కడ గాలి కోణం అంటాను. గాలి కోణం పెరిగేకొద్దీ రెక్కను పైకెత్తే బలం, అంటే లిఫ్ట్, పెరుగుతుంది. మామూలు రెక్కలకు 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఒక గీత ఉంటుంది. అది దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారలేదు. విడిపోయి సుడులు తిరుగుతుంది. లిఫ్ట్ పడిపోతుంది, వెనక్కి లాగే డ్రాగ్ అమాంతం పెరుగుతుంది.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చెట్ల మీద వాలేటప్పుడు గమనించారా? కొమ్మ దగ్గరకొచ్చేసరికి ఒళ్లు నిలువుగా లేపి, రెక్కలు బార్లా చాపి గాలికి అడ్డంగా పెడతాయి. ఆ క్షణంలో రెక్క పైనున్న చిన్న ఈకలు రేగినట్టు పైకి లేస్తాయి. పక్షుల రెక్క మీద గాలి విడిపోయినప్పుడు కనిపించే గుర్తే అది. కొమ్మ మీద కాలు పెట్టే ముందు కావాలనే స్టాల్ అంచుకు వెళ్లి వేగం చంపుకుంటుంది పక్షి. నైలాన్ దారాలు, పొగ గొట్టాలు కట్టి గాలి సొరంగాల్లో మనుషులు చూసేదాన్ని ఉమ్మడి నెల్లూరులో చెరువుగట్టు మీద నిలబడి చూడొచ్చు.

ఇక్కడ రెండు అపోహలు తొలగించుకోవాలి. ఒకటి, ముక్కు పైకి లేస్తేనే స్టాల్ అవుతుందనుకోవడం. గాలి కోణం కొలిచేది నేలతో కాదు, ఎదురొచ్చే గాలితో. విమానం బల్లపరుపుగా ఉండి కిందికి కూలబడుతుంటే గాలి అడుగు నుంచి వస్తుంది కాబట్టి కోణం చాలా ఎక్కువ. డైవ్ నుంచి గట్టిగా పైకి లాగే విమానం ముక్కు ఇంకా నేల వైపే ఉంటుంది, అయినా రెక్క స్టాల్ అయిపోవచ్చు.

రెండోది, వేగం తగ్గితేనే స్టాల్ అనుకోవడం. ఇందులో కొంత నిజముంది. 2024 మార్చి 18న ఉమ్మడి ప్రకాశంలో, అద్దంకి దగ్గర హైవే మీద కట్టిన 4.1 కిలోమీటర్ల ఎమర్జెన్సీ రన్‌వే మీద ఏఎన్-32, డోర్నియర్ అనే వాయుసేన విమానాలు దిగాయి. అలా దిగే ఏ విమానమైనా వేగం తగ్గేకొద్దీ ముక్కు కొంచెం కొంచెంగా లేపుతుంది. వేగం తగ్గితే లిఫ్ట్ తగ్గుతుంది. అదే బరువు మోయాలంటే గాలి కోణం పెంచుకోవాలి. పెంచుతూ పోతే చివరికి ఆ గీత వస్తుంది. అప్పుడున్న వేగాన్నే స్టాల్ స్పీడ్ అని పుస్తకంలో రాస్తారు. కానీ ఆ అంకె తిన్నగా, నింపాదిగా ఎగిరేటప్పుడే చెల్లుతుంది. 60 డిగ్రీలు వాలి ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే రెక్క మోయాల్సిన బరువు రెండింతలవుతుంది. దాన్నే 2 జీ అంటారు. అప్పుడు స్టాల్ స్పీడ్ 1.41 రెట్లు. 4 జీ లాగితే రెండు రెట్లు, 9 జీ లాగితే మూడు రెట్లు. విమానాల వేగాన్ని నాట్లలో కొలుస్తారు. మామూలుగా 50 నాట్ల దగ్గర స్టాలయ్యే విమానం 4 జీ లాగితే 100 నాట్ల దగ్గరే స్టాలవుతుంది. వేగం ఎంతున్నా సరే, స్టిక్‌ను తగినంత గట్టిగా లాగితే రెక్కను ఆ గీత దాటించవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, స్నాప్ దగ్గర పనికొస్తుంది.

లాగడం ఎంత ప్రమాదమో చెప్పే ఘటన 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద జరిగింది. ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలు మంచు గడ్డలతో మూసుకుపోయి ఆటోపైలట్ ఆగింది. నడుపుతున్న పైలట్ ముక్కు పైకి లాగాడు. విమానం సుమారు 38,000 అడుగులకు ఎక్కి స్టాలయింది. స్టాల్ హెచ్చరిక 54 సెకన్లు ఆగకుండా మోగింది. రెండు ఇంజన్లూ చక్కగా పనిచేస్తూనే ఉన్నాయి. స్టిక్ ఎక్కువసేపు వెనక్కే ఉంది. గాలి కోణం 35 డిగ్రీలు దాటిపోయి, విమానం ముక్కు పైకే పెట్టుకుని మూడున్నర నిమిషాలపాటు కూలుతూ సముద్రాన్ని తాకింది. 228 మంది చనిపోయారు. మా మేనల్లుడి బొటనవేలు చేసిందే శిక్షణ పొందిన చెయ్యి కూడా చేసింది. అది వాళ్ల చేతకానితనం అనుకోకండి. పడిపోతుంటే ఒళ్లు ముందు పైకి లాక్కోమనే చెబుతుంది.

రెండు రెక్కలూ సమానంగా స్టాలైతే విమానం ముక్కు దించి కొంత ఎత్తు పోగొట్టుకుంటుంది, అంతే. స్టిక్ వదిలితే గాలి మళ్లీ రెక్కను అంటుకుంటుంది. చిక్కు ఎక్కడంటే, రెండు రెక్కలు సమానంగా స్టాల్ కాకపోతే.

ఈ భాగం నెమ్మదిగా చదవండి, వ్యాసం మొత్తానికి ఇదే ఇరుసు. మామూలుగా ఎగిరే విమానం ఎడమ రెక్క కొద్దిగా కిందికి జారిందనుకుందాం. కిందికి దిగే రెక్కకు గాలి కాస్త అడుగు నుంచి తగులుతుంది, అంటే దాని గాలి కోణం పెరిగింది. కోణం పెరిగింది కాబట్టి లిఫ్ట్ పెరుగుతుంది, రెక్క జారడం ఆగుతుంది. పైకి లేచే కుడి రెక్కకు కోణం తగ్గి లిఫ్ట్ తగ్గుతుంది, అది లేవడం ఆగుతుంది. పైలట్ ఏమీ చెయ్యకుండానే గాలే విమానాన్ని దొర్లిపోనివ్వకుండా పట్టుకుంటుంది.

ఇప్పుడు ఇదంతా గీత దాటాక ఊహించండి. రెక్కలు అప్పటికే స్టాలయ్యాయి. ఎడమ రెక్క జారితే దాని కోణం ఇంకా పెరుగుతుంది. కానీ గీతకు అవతల కోణం పెరిగితే లిఫ్ట్ పెరగదు, ఇంకా పడిపోతుంది. కాబట్టి ఎడమ రెక్క ఇంకా జారుతుంది. కుడి రెక్క లేస్తూ కోణం తగ్గించుకుని గీత వైపు వెనక్కి వస్తుంది, దాని లిఫ్ట్ మెరుగవుతుంది, ఇంకా లేస్తుంది. పైగా లోతుగా స్టాలైన ఎడమ రెక్క మీద డ్రాగ్ ఎక్కువ. అది ఆ రెక్కను వెనక్కి లాగి ముక్కును ఎడమకు తిప్పుతుంది. పడబోయేవాణ్ణి పట్టి నిలబెట్టిన చెయ్యే గీత దాటాక వాణ్ణి పడదోస్తుంది. దీన్నే ఆటోరొటేషన్ అంటారు. బొంగరం తాడు లాగి వదిలాక తన పాటికి తాను తిరిగి చివరికి నీరసిస్తుంది. స్పిన్ నీరసించదు, కిందికి పడటమే దానికి బలం. పడుతున్నంతసేపూ తిరుగుతుంది.

కాబట్టి స్పిన్ పుట్టాలంటే రెండే కావాలి. రెక్క స్టాల్ కావాలి, ముక్కు పక్కకు తిరుగుతూ ఉండాలి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా స్పిన్ లేదు.

స్పిన్‌లో వేగం సూచించే ముల్లు స్టాల్ స్పీడ్ దగ్గర్లో తక్కువగానే ఊగుతుంటుంది, పెరగదు. వేగం గబగబా పెరుగుతుంటే అది స్పిన్ కాదు, స్పైరల్ డైవ్, అంటే రెక్క స్టాల్ కాకుండానే మెలికలు తిరుగుతూ కిందికి దూసుకుపోవడం. దాని మందు వేరు. ఎత్తు మాత్రం భయంకరంగా కరిగిపోతుంది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే సెస్నా 152 లాంటి చిన్న విమానంలో ఒక్క చుట్టు తిరిగి బయటపడటానికే దాదాపు 1,000 అడుగులు పోతాయి.

దీన్నుంచి బయటపడే దారి మొదట దొరికింది అదృష్టం కొద్దీ. 1912 ఆగస్టు 25న ఇంగ్లండులోని లార్క్‌హిల్ దగ్గర విల్ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ లెఫ్టినెంట్ మూడు గంటల పరీక్ష ముగించి అవ్రో విమానంలో దిగుతూ స్పిన్‌లో పడ్డాడు. ఇంజన్ పెంచాడు, స్టిక్ పూర్తిగా వెనక్కి లాగాడు, తిరిగే వైపుకే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక, కాళ్లతో నడుపుతారు) నొక్కాడు. అప్పటిదాకా నేర్చుకున్నవన్నీ అవే. ఏదీ పనిచేయలేదు. చివరికి రడ్డర్‌ను ఎదురు వైపుకు పూర్తిగా తొక్కాడు. తిరగడం ఆగింది. అప్పటికి నేల 50 అడుగుల దూరంలో ఉంది. కింద చూస్తున్న నిపుణులు అక్కడికక్కడే అతన్ని కూర్చోబెట్టి ఏం చేశావో చెప్పమని రాసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో మరో ప్రమాదంలో పార్క్ చనిపోయాడు. 1917లో ఫార్న్‌బరోలో ఫ్రెడరిక్ లిండెమన్ అనే భౌతిక శాస్త్రవేత్త తానే విమానం నేర్చుకుని, కావాలనే స్పిన్‌లోకి దిగి, తిరుగుతూ తిరుగుతూ పరికరాల అంకెలు మనసులో పెట్టుకుని కిందికొచ్చి లెక్కలు కట్టాడు. ఆ ధైర్యాన్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు పైలట్లకు నేర్పే క్రమం ఇది: ఇంజన్ తగ్గించు, ఎయిలరాన్లు మధ్యలో పెట్టు, తిరిగే దిక్కుకు ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కు, తర్వాత స్టిక్ ముందుకు. తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యలోకి తెచ్చి, డైవ్ నుంచి మెల్లగా పైకి. ప్రతిదానికీ కారణముంది. ఎయిలరాన్లు రెక్కల చివర ఉండే పలకలు. జారిన ఎడమ రెక్కను లేపుదామని స్టిక్ కుడికి తోస్తే ఎడమ ఎయిలరాన్ కిందికి వంగి, అప్పటికే మితిమీరిన కోణాన్ని ఇంకా పెంచుతుంది. సాయం చెయ్యబోయి నెట్టేసినట్టవుతుంది. రడ్డర్ ముందు, స్టిక్ తర్వాత ఎందుకంటే, చాలా విమానాల్లో స్టిక్ ముందే తోస్తే కిందికి వంగిన ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) రడ్డర్‌కు గాలి అందకుండా అడ్డుపడుతుంది.

ఇంకో సంగతి పైలట్లను కంగారు పెడుతుంది. స్టిక్ ముందుకు తోశాక తిరగడం ఆగేముందు ఒక్క క్షణం వేగం పుంజుకుంటుంది. ఆఫీసు తిరుగుడు కుర్చీలో చేతులు చాపి తిరుగుతూ, చేతులు ఒళ్లోకి ముడుచుకుంటే జోరు పెరగదూ, అలాంటిదే. ముక్కు దిగి, విమానం బరువు తిరిగే ఇరుసుకు దగ్గరవుతుంది. సరైన పనే చేస్తున్నాడు, కానీ ఇంకా పాడయిందని టెన్షన్ పడి స్టిక్ మళ్లీ లాగితే మొదటికొస్తాడు.

అన్ని విమానాలూ ఈ మందుకు లొంగవు. బరువు తోక వైపు ఎక్కువైతే స్పిన్ బల్లపరుపుగా మారుతుంది. దాన్ని ఫ్లాట్ స్పిన్ అంటారు. అప్పుడు ముక్కు దిగదు, తోక మీది రడ్డర్‌కు తిన్నగా గాలి తగలదు. తోక ఎక్కడ పెట్టారన్నది ఎంత కీలకమో మన హెచ్‌ఏఎల్ తయారు చేసిన శిక్షణ జెట్ హెచ్‌జేటీ-36 చెబుతుంది. అది 2003 మార్చిలో మొదటిసారి ఎగిరింది. మిగతావి ఎలా ఉన్నా, స్టాల్, స్పిన్ దగ్గర ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టింది. చివరికి నిలువు తోకను వెనక్కి జరిపి, రడ్డర్ పెంచి 2019లో మళ్లీ ఎగరేశారు. 2022 జనవరిలో ఎడమకూ కుడికీ ఆరేసి చుట్లు స్పిన్ తిప్పి బయటపడి చూపించారు. శిక్షణ విమానం ఇది పాస్ కావాల్సిందే. రేపు శిక్షణకొచ్చే కుర్రవాళ్లు తప్పు చేసేది అందులోనే కదా.

ఇప్పుడు స్నాప్. బ్రిటిష్ వాళ్లు ఫ్లిక్ అంటారు. విమానం తిన్నగా పోతూ పోతూ ఒక్క సెకనులో గిర్రున ఒక చుట్టు తిరిగి, ఏమీ జరగనట్టు మళ్లీ తిన్నగా పోతుంది. చూసేవాళ్లకు మామూలు రోల్ లాగే కనిపిస్తుంది. సూర్యకిరణ్ లాంటి జట్టు జెట్లు వేసే రోల్స్‌లో తిప్పేది ఎయిలరాన్లు, రెక్కలు చక్కగా ఎగురుతూనే ఉంటాయి. స్నాప్‌లో రెక్క స్టాలై ఉంటుంది. అడ్డంగా పోయే స్పిన్ అది.

ఎలా చేస్తారంటే, స్టిక్‌ను చటుక్కున వెనక్కి లాగి, ఆ వెంటనే ఒక వైపు రడ్డర్ చివరిదాకా తొక్కుతారు. ఇందాక చెప్పుకున్నాం, వేగం ఎంతున్నా గట్టిగా లాగితే రెక్క గీత దాటుతుంది. రడ్డర్ ముక్కును పక్కకు తిప్పింది. స్టాల్, పక్కకు తిరగడం, రెండూ వచ్చేశాయి. ఆటోరొటేషన్ మిగతా పని చూసుకుంటుంది. మొదలయ్యాక నేర్పరి పైలట్ స్టిక్‌ను కాస్త ముందుకు వదులుతాడు. లోతుగా స్టాలైన రెక్క ఎక్కువ డ్రాగ్‌తో వేగం తినేస్తుంది, కొంచెం వదిలితే తిరుగుడు ఇంకా జోరందుకుంటుంది. ఆపడానికి ఎదురు రడ్డర్, స్టిక్ ముందుకు. సరిగ్గా స్పిన్ మందే. కాకపోతే ఆగాల్సిన చోటుకు ముందే వెయ్యాలి, లేకపోతే పావు చుట్టు దాటిపోతుంది. పోటీల్లో న్యాయనిర్ణేతలు రెక్క నిజంగా స్టాలయిందా, ముక్కు ముందు దారి తప్పి కదిలిందా అని చూస్తారు. ఎయిలరాన్లతో తిప్పి స్నాప్ అనిపించబోతే సున్నా వేస్తారు. స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్టి తయారుచేసిన గుర్తుల లిపిలో స్నాప్‌ను చిన్న త్రికోణంగా గీస్తారు. పోటీకి ముందు పైలట్లు ఆ గీతల కాగితం చేతిలో పట్టుకుని, నేల మీద చేతులు తిప్పుకుంటూ నడుస్తుంటారు.

ఏరోబాటిక్ విమానం దీనికెలా సరిపోతుంది? శిక్షణ విమానాల రెక్కను చివర కొద్దిగా మెలితిప్పి చేస్తారు. ముందుగా రెక్క మొదట్లో ఉన్న భాగం స్టాలవుతుంది, చివర ఇంకా ఎగురుతుంటుంది, పైలట్‌కు వణుకు రూపంలో హెచ్చరిక అందుతుంది. ఎక్స్‌ట్రా 300 లాంటి ఏరోబాటిక్ విమానం రెక్క పైనా కిందా ఒకే వంపు. తలకిందులుగా ఉన్నా అలాగే ఎగురుతుంది, అలాగే స్టాలవుతుంది. హెచ్చరిక తక్కువ, స్టాల్ చటుక్కున వస్తుంది. వినడానికి ప్రమాదంగా ఉంటుంది గానీ, చటుక్కున వచ్చేది చటుక్కున పోతుంది కూడా. పెద్ద రడ్డర్, పొట్టి రెక్కలు, బరువంతా మధ్యలో ఉండటం వల్ల స్టిక్ వదిలిన మరుక్షణం గాలి రెక్కను అంటుకుంటుంది. మెల్లగా స్టాలయ్యే విమానం తప్పును క్షమిస్తుంది. ఇది ఆజ్ఞను పాటిస్తుంది. అందుకే ఏ ఆజ్ఞ ఇస్తున్నామో తెలిసినవాళ్లే దీన్ని నడపాలి.

గట్టితనం సంగతి లెక్కతో చూద్దాం. స్టాల్ స్పీడ్ 60 నాట్లున్న విమానంతో 90 నాట్ల దగ్గర స్నాప్ చేస్తే రెక్క మీద పడే బరువు 90ని 60తో భాగించి వర్గం చేస్తే వస్తుంది, 2.25 జీ. 120 దగ్గర చేస్తే 4 జీ. 150 దగ్గర 6.25 జీ. ఏరోబాటిక్ తరగతికి అమెరికా నిబంధనలు చాలాకాలం అడిగింది 6 జీ, మామూలు తరగతికి 3.8. ఎక్స్‌ట్రా 300 ఒక్కరితో 10 జీ దాకా తట్టుకుంటుంది. స్నాప్‌కు ఇంత వేగం మించొద్దని ప్రతి విమానానికీ ఒక హద్దు రాసి ఉండేది అందుకే. ఇంకో మెలిక ఏమిటంటే, స్నాప్‌లో బరువు రెండు రెక్కల మీద సమానంగా పడదు, తోక మెలిపడుతుంది. హద్దులోపలే ఉన్నాం కదా అని రడ్డర్‌ను అటూ ఇటూ తొక్కకూడదు. 2001 నవంబరు 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం పైలట్, ముందు వెళ్లిన విమానం రేపిన సుడిగాలిలో రడ్డర్‌ను కుడికీ ఎడమకూ పూర్తిగా తొక్కాడు. నిలువు తోక ఊడిపోయింది. 265 మంది చనిపోయారు. ఆ వేగంలో రెక్కలకు ప్రమాదం లేదు, తోక సంగతి వేరు.

తలకిందుల స్పిన్ మరో తికమక. అందులో ముక్కు ఒక వైపు తిరుగుతుంటే విమానం దొర్లేది ఎదురు వైపుకు. పైలట్‌కు ఎటు రడ్డర్ తొక్కాలో తోచదు. స్విట్జర్లాండ్ పైలట్ ఎరిక్ ముల్లర్, అమెరికా పైలట్ జీన్ బెగ్స్ దీనికొక పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. ఇంజన్ పూర్తిగా తగ్గించు, స్టిక్ మీంచి చెయ్యి తీసెయ్, ముక్కు తిరిగే దిక్కు చూసి ఎదురు రడ్డర్ తొక్కు. చెయ్యి తీసెయ్ అన్నదే అందులో గొప్ప. పిట్స్ లాంటి ఏరోబాటిక్ విమానాలు అలా వదిలేస్తే బయటపడతాయి. అన్ని విమానాలూ అలా బయటపడవు, అది ముందే తెలుసుకోవాలి.

ఇక మా చెరువులోకి తిరిగొద్దాం. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం అక్కడ జరిగినదే. దిగే ముందు చివరి మలుపులో పైలట్ రన్‌వేను దాటిపోతున్నట్టు అనిపిస్తే ఏం చేస్తాడు? ఎక్కువ వాలితే భయం కాబట్టి లోపలి వైపు రడ్డర్ కొంచెం ఎక్కువ తొక్కి ముక్కు తిప్పుతాడు. దాంతో విమానం ఇంకా లోపలికి వాలుతుంది. వాలకుండా స్టిక్ ఎదురు వైపుకు తోస్తాడు, అంటే లోపలి రెక్క ఎయిలరాన్ కిందికి వంగింది. ముక్కు దిగుతోంది కాబట్టి స్టిక్ వెనక్కి లాగుతాడు. ఇప్పుడు లెక్కపెట్టండి. ఒక వైపు రడ్డర్, వెనక్కి లాగిన స్టిక్, లోపలి రెక్క మీద పెరిగిన కోణం. స్నాప్‌కు కావాల్సిన సరుకంతా సమకూరింది. ఏరోబాటిక్ పైలట్ 3,000 అడుగుల ఎత్తున కావాలని చేసేదాన్నే ఇతను 500 అడుగుల దగ్గర తెలియకుండా చేశాడు. బయటపడటానికి ఎత్తు లేదు. చిన్న విమానాల్లో ప్రాణాలు పోయే స్పిన్‌లు ఎక్కువగా ఇలా తక్కువ ఎత్తులో వచ్చినవే. పైన స్పిన్ నేర్చుకోవడంకన్నా, ఈ మలుపులో చెయ్యి ఏం చేస్తోందో గమనించడం నేర్చుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం. స్నాప్ ఒక్కసారి కావాలని చేసినవాడికి ఆ పెడల్స్, ఆ స్టిక్ ఉన్న తీరు ఒంటికి గుర్తుండిపోతుంది.

ముక్కు అతికించి, పది రోజుల తర్వాత మళ్లీ చెరువులోకి వెళ్లాం. ఈసారి ముందు ఎత్తుకు తీసుకెళ్లమన్నాను. కట్ట మీది తాటిచెట్లకు నాలుగింతల ఎత్తున మోటరు తగ్గించి, స్టిక్ వెనక్కి లాగి ఎడమ రడ్డర్ తొక్కమన్నాను. వాడికి భయం, చేసిన కష్టమంతా మళ్లీ మట్టిపాలవుతుందని. తొక్కాడు. విమానం పక్కకు ఒరిగి గిరికీలు మొదలుపెట్టింది. ఒకటి, రెండు. "వదిలెయ్‌రా, కుడి రడ్డర్" అన్నాను. బొటనవేలు లేచింది. ఇంకో అర చుట్టు గబుక్కున తిరిగి ఆగింది. ముక్కు నేల వైపు, రెక్కలు నిశ్చలం. రెండు తాటిచెట్ల ఎత్తులో మెల్లగా పైకి తేలి మా తలల మీదుగా వెళ్లింది.

కొంచెంసేపు వాడేమీ మాట్లాడలేదు. తర్వాత, "మామా, కుడి వైపుకు చేస్తే కూడా ఇట్టానే వస్తదా?" అన్నాడు. బ్యాటరీలో ఇంకో రెండు నిమిషాలే ఉంది. చెయ్యమన్నాను.